తూర్పు గోడ

పెద్ద సుత్తి భుజం మీదుగా వెనక్కి వెళ్ళి, గాలిని చీల్చుకుంటూ వచ్చి గోడ కణత మీద పడింది. పెళ్ళలు ఎగిరి ముఖాన కొట్టాయి. గునపం గోడను అమ్మనా బూతులు తిట్టి మళ్ళీ సుత్తి ఎత్తాడు. తిట్టకుండా కొట్టడం అతనికి చేతకాదు.

గునపం అన్నది, సన్నగా, నిటారుగా, తుప్పు రంగులో ఉంటాడని తోటి కూలీలు పెట్టిన పేరు. పాత ఇళ్ళు కూల్చడమే బతుకు. చిటికెన వేలు ఒక దూలం కింద నలిగి పోయింది. ముందుపళ్ళు ఒక ఇటుకకు రాలాయి. దెబ్బల మోతకు కుడి చెవి ఎప్పుడో చచ్చిపోయింది. "గోడలు తినగా మిగిలినోణ్ణి" అనేవాడు. పగలంతా ఇళ్ళు నేలమట్టం చేసే మనిషి, తన అద్దెగదిలో మేకు కొట్టాలంటే మాత్రం ఇంటాయన్ని బతిమాలుకోవాలి. ఆ కసి కూడా తెచ్చి ఇక్కడే దింపేవాడు.

కాంట్రాక్టరు అతని భార్యకు తమ్ముడు. పనిలో యజమాని, వరసకు బామ్మర్ది.

"ఏరా, గ్యాసోళ్ళ మెయిలొచ్చిందా?" అడిగాడు గునపం.

తూర్పు గోడలో వంటింటి గ్యాసు గొట్టం ఉంది. సరఫరా ఆపామని వాళ్ళు రాస్తేగాని దాన్ని ముట్టకూడదు.

కాంట్రాక్టరు ఫోను తెరిచాడు. వ్యాపారానికీ ఇంటికీ కలిపి అతనికి ఒకటే మెయిలు పెట్టె, డబ్బు కట్టక్కర్లేనిది. "ఏం రాలేదు బావా. అడ్డుంటే రాసేవోళ్ళు కాదా? ఊరుకున్నారంటే ఆపేసినట్టే."

"ఫోనులో పైన ఆ ఎర్రగీత ఏంట్రా?"

"పెట్టె నిండిందంట. ఖాళీ చెయ్యి, లేకపోతే డబ్బు కట్టు అని పీక్కుతింటోంది. తేరగా వచ్చేదానికి డబ్బేంటి? మా అమ్మాయి పెళ్ళి వీడియోలన్నీ అందులోనే పడున్నాయి. కొన్ని తీసేద్దామా అని."

"నా డాన్సు తీసేశావంటే నీ బుర్ర పగులుద్ది."

"ఆ కోతిగంతులే సగం చోటు మింగాయి బావా!"

ఇటుకల తట్ట నెత్తిన పెట్టుకుంటున్న గునపం భార్య పకపకా నవ్వింది. "ఉంచరా తమ్ముడూ. మీ బావ ఒళ్ళు సుఖంగా ఊగింది ఆ ఒక్కరోజే."

డాన్సు అలాగే ఉండిపోయింది. ఎర్రగీతను ముగ్గురూ పెళ్ళి వీడియోల గొడవే అనుకున్నారు. నిండిన పెట్టెలో కొత్త ఉత్తరం పట్టదని ఒక్కరికీ తట్టలేదు.

గునపం ముక్కుకు గుడ్డ బిగించి తూర్పు గోడ మీద పడ్డాడు. కొట్టాడు, తిట్టాడు, కొట్టాడు. ఇటుకల మధ్య గొట్టం చిట్లి బుసకొట్టింది. అది కుడి చెవి వైపు. దుమ్ముతో మూసుకుపోయిన ముక్కుకు వాసనా అందలేదు. సుత్తి మళ్ళీ లేచింది. ఇనుము ఇనుముకు తగిలి నిప్పురవ్వ రాలింది.

తమ్ముడూ మిగతా కూలీలూ ఉన్న లారీ దగ్గరికి తట్ట దింపడానికి వెళ్ళిన భార్య, చెవులు పగిలే మోతకు బోర్లా పడి, లేచి, వెనక్కి తిరిగింది. తూర్పు గోడ లేదు. దానికి ఎదురుగా నిలబడినవాడూ లేడు.

గ్యాసు ఆఫీసు మనిషి రాగానే కాంట్రాక్టరు అతని కాలరు పట్టి లారీకేసి బాదాడు. "రాయొచ్చు కదరా! ఒక్క ముక్క రాయొచ్చు కదా!"

"రాశామండీ!" ఊపిరాడక ఎగశ్వాస తీస్తూ అన్నాడతను. "ఇంకా ఆపలేదు, ముట్టుకోవద్దని నిన్ననే రాశాం. పెట్టె నిండిందని తిరిగొచ్చింది. పొద్దున మళ్ళీ పంపితే మళ్ళీ తిరిగొచ్చింది. మీరిచ్చిన చిరునామా అదొక్కటే!"

కాంట్రాక్టరు చేతులు జారిపోయాయి. అక్క వైపు తిరిగాడు. "బావే కదక్కా, తీసెయ్యొద్దని..."

ఆమె అరచెయ్యి అతని మూతి మీద పడింది. మళ్ళీ పడింది. గోడను కొట్టినట్టు కొట్టింది. ముక్కులోంచి రక్తం కారుతున్నా అతను చెయ్యి అడ్డం పెట్టలేదు.

"నేనన్నానురా!" అరిచింది. "ఉంచమని నేనన్నాను!"

కూలీలు ఆమెను పట్టి కూర్చోబెట్టారు. పడమటి వైపు మేకుకు వేలాడుతున్న గునపం చొక్కా తెచ్చి ఒళ్ళో పెట్టారు. ఆమె జేబులో చెయ్యి పెట్టింది. పని దిగాక, బస్సెక్కే ముందు తల దువ్వుకునే చిన్న దువ్వెన చేతికొచ్చింది. దాని పళ్ళ సందుల్లో నిన్నటి గోడ సున్నం ఇంకా తెల్లగా పట్టి ఉంది.