రాతికి చుట్టిన తాడు

పెద్ద దీవిలో పొద్దు పొడిచింది. ఒక్క కూత లేదు. మూడేళ్ల కిందటైతే తెల్లారేసరికి తీకె పిట్టల గోలకు చెవులు చిల్లులు పడేవి. ఇప్పుడు కరరైనాకు వినిపించేది గుడిసె గోడలో పళ్లతో కొరికే చప్పుడొక్కటే. పిండి బస్తా, కొవ్వొత్తులు, చివరికి మేకుకు వేలాడే మొగుడి తోలు బెల్టు కూడా ఎలుకలు తినేశాయి.

ఆ ఎలుకల్ని సర్కారు ఓడ తెచ్చిందని, ఏటా తీతీ అనే సముద్రపు పిట్టల పిల్లల వేటకొచ్చే మావోరీ తెగ కుటుంబాలన్నీ నమ్మాయి. నమ్మరూ? మన భూములు మింగిన సర్కారు ఏ పాపానికైనా సరిపోతుంది. కరరైనా ఆ మాట వింటూ ఊరుకునేది.

పాతవాళ్లు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. పడవను దూరంగా లంగరేసి, సామాను తెడ్డు పడవలో తేవాలి. ఒడ్డుకు తాడు కట్టకూడదు. తాడంటే ఎలుకకు వంతెన. మూడేళ్ల కిందట సముద్రం విరుచుకుపడుతుంటే ఆమె మొగుడు తైతూహా "ఈ ఒక్కసారికే" అంటూ తాడును రాతికి చుట్టాడు. లాంతరు పట్టుకున్నది కరరైనా. మరుసటి ఏడు అతన్ని సముద్రం తీసుకుంది. శవం దొరకలేదు. మంచివాడన్న పేరు మిగిలింది. ఆమె తలెత్తుకు తిరిగేది ఆ పేరు మీదే.

గుడ్లనూ పిల్లల్నీ ఎలుకలు తినేయగా, ఇక మిగిలిన తీకె పిట్టలు పదకొండు. పక్షుల శాఖ అధికారి డంకన్ వాటిని వలలేసి పట్టి, చెక్కపెట్టెల్లో పెట్టాడు. ఎలుక అడుగుపెట్టని చిన్న దీవికి చేర్చాలి. పడవ కరరైనా మేనల్లుడు తెయోనెది. దారంతా కరరైనా పెట్టెలకు చెవి ఆనించి కూర్చుంది. ఒక్కటీ కూయలేదు.

చిన్న దీవి దగ్గర అలలు లేచాయి.

"అత్తా, ఇప్పుడు తెడ్డు పడవ దించితే పెట్టెలన్నీ చేపల పాలే. రాతికి కట్టేస్తా. అయిదు నిమిషాల పని" అన్నాడు తెయోనె.

"కట్టకురా."

"నా పడవలో ఎలుకలెక్కడివి? నా వంట తింటే అవే చస్తాయి!"

డంకన్ నవ్వుతూ ఒడ్డుకు దూకి, తెయోనె విసిరిన తాడును రాతికి చుట్టాడు. తాడు బిగుసుకుంది. కరరైనాకు చేతిలో లాంతరు బరువు తగిలినట్టయింది. వేట కత్తి తీసి ఒక్క వేటున తాడు తెంపింది. పడవ గిర్రున తిరిగింది.

"అత్తా! పిచ్చిగానీ పట్టిందా?"

"ఎలుకల్ని తెచ్చింది సర్కారు ఓడ కాదురా. మీ మామ. ఇట్లాగే కట్టాడు. లాంతరు నేనే పట్టుకున్నా."

"చచ్చినోడి మీద వేస్తావా? సిగ్గులేదూ?"

"చచ్చినోడనే ఇన్నాళ్లు దాచా. తెడ్డు పడవ దించు."

తెయోనె ఆమె ముఖం చూడకుండా దించాడు. నాలుగుసార్లు తిరగాల్సి వచ్చింది. మూడోసారి అల ఒక పెట్టెను లాక్కుపోయింది. అందులో రెండు పిట్టలు. మునిగే ముందు పెట్టెలోంచి ఒక కూత వచ్చింది. ఆ రోజుకు అదే మొదటి కూత.

తొమ్మిదింటిని పొదల్లోకి వదిలారు. అవి చప్పుడు చేయకుండా ఆకుల్లో కలిసిపోయాయి.

డంకన్ రాతికున్న తాడు ముక్క విప్పాడు. "తాడు రెండు నిమిషాలే కదమ్మా ఉంది. ఏదీ దిగి ఉండదులెండి."

"చూలుతో ఉన్న ఎలుక ఒక్కటి చాలు బాబూ" అంది కరరైనా. "నేను ఇక్కడే ఉంటా. వారం తర్వాత రండి."

డంకన్ ఎలుక బోనులూ, పిండీ, గుడారం దించాడు. తెయోనె వెళ్తూ "వస్తా అత్తా" అనలేదు. వాడు ఊరు చేరగానే అందరికీ చెప్పేస్తాడు. తైతూహా పేరు ఈ సాయంత్రానికి ఉండదు.

ఆమె రోజూ సాయంత్రం రాతి చుట్టూ ఇసుకను అరచేత్తో చదును చేసేది. తెల్లారగానే వంగి చూసేది. ఆకు కదిలినా ఎలుక పళ్ల చప్పుడే అనిపించేది. తనే నమిలినా ఉలిక్కిపడేది.

నాలుగో రోజు తెల్లవారుజామున తల మీది కొమ్మన తీకె గట్టిగా కూసింది. ఇంకోటి బదులిచ్చింది. కరరైనా తలెత్తలేదు. మోకాళ్ల మీద వంగి, ఇసుకలో ఎలుక అడుగుల కోసం వెతుకుతోంది.