పరదా లోపలి కొలువు

"ఇంట్ల ఊకెనే ఉంటవ్ గదా, జర కచేరికి వచ్చి కూసో" అన్నాడు మా ఆయన శ్రీపాల్, నేను రోట్లో పచ్చడి నూరుతుంటే. తెల్లారకముందే లేచి కొట్టం ఊడ్చి, జొన్నలు విసిరి, రొట్టెలు కొట్టి, మా అత్త సత్తమ్మ మోకాళ్ళకు నూనె రాసి, అప్పుడు ఆ రోటి దగ్గర కూర్చున్నాను. ఊరికే ఉండటమంటే అదే కాబోలు. చెయ్యి ఆపకుండానే తలూపాను. కోపం రాలేదు. ఈ మధ్య నాకు ఏదీ రావడం లేదు.

ఇబ్రహీంపట్నం కచేరిలో ఆయన వజీఫా గుమాస్తా. చనిపోయిన సర్కారు నౌకర్ల భార్యలకు నిజాం సర్కారు ఇచ్చే భృతినే వజీఫా అంటారు. ఏటా ఎండాకాలంలో ఆ విధవలందరూ వచ్చి తాము బతికే ఉన్నామని ముఖం చూపించి పోవాలి. ఘోషా ఆడవాళ్ళు మగవాళ్ళ ఎదుట ముసుగు తీయరు కాబట్టి వరండాలో పరదా కట్టి, లోపల ఒక ఆడమనిషిని కూర్చోబెట్టేవారు. బయటినుంచి గుమాస్తా నిషానీ చదువుతాడు, చెంప మీద పుట్టుమచ్చ అనో, నొసట గాటు అనో. లోపలి మనిషి ముసుగెత్తి చూసి "ఉంది" అంటుంది. ఎన్నో ఏళ్ళుగా ఆ పని అనంతమ్మది. జర్మనీవాళ్ళతో లడాయి వచ్చి సర్కారుకు ఖర్చులు పెరిగాయని, కొలువులు తగ్గించమని హైదరాబాదు నుంచి హుకుం దిగింది. ముందు అనంతమ్మ కొలువు పోయింది. తర్వాత ఇంకో ఇద్దరు గుమాస్తాలు, నీళ్ళు పోసే మనిషి పోయారు. వాళ్ళందరి పనీ మా ఆయన నెత్తిన పడింది. అందులోంచి పరదా పని తీసి నా నెత్తిన పెట్టాడు. తహసీల్దారుతో "మనిషిని నేను తెస్త సాబ్, జీతం అక్కర్లేదు" అని చెప్పి మరీ వచ్చాడట. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు.

హయత్‌నగర్ వైపునుంచి, నాదర్‌గుల్ వైపునుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. రాసేవాడు ఒక్కడే అయ్యేసరికి పొద్దుగూకే దాకా ఆ ఆడవాళ్ళంతా పరదా లోపల ఉడికిపోయేవాళ్ళు. దాహమని నన్నే అడిగేవాళ్ళు. ఇంటినుంచి బిందెతో మోసుకొచ్చి పోసేదాన్ని. పొద్దంతా ముసుగులెత్తడం, "ఉంది, ఉంది" అనడం. ఇంటికొస్తే మా అత్త "కచేరి దొరసాని వచ్చింది, పీట వెయ్యుండ్రి" అనేది. ఆ పీట వేయాల్సిందీ నేనే, ఆ తర్వాత పొయ్యి రాజేయాల్సిందీ నేనే. పప్పులో ఉప్పు వేశావా అని అడిగితే, వేశానో లేదో తెలియకుండానే "ఉంది" అనేదాన్ని.

ఒకనాడు బావి దగ్గర అనంతమ్మ కలిసింది. నేను పలకరించేలోపే, "నాకిచ్చే జీతం మిగుల్తదని నన్ను తీసేసిన్రు. నువ్వు పుణ్యానికి చేస్తుంటివి. ఇగ నన్ను మల్ల ఎందుకు పిలుస్తరు వజ్రమ్మా?" అంది. తిట్టినా బాగుండేది. నా చాకిరీ నన్ను ఒక్కదాన్నే తింటోంది అనుకున్నాను. ఇంకో ఆడదాని కూడు కూడా తింటోందని అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. అది కూడా ఇంటికొచ్చేదాకే.

ఆ వారమే, అన్నం తింటూ మా ఆయన అన్నాడు.

"రేపు అబ్దుల్లాపూర్‌మెట్ ఖాజాబీ వస్తది. నిషానీ లేదని చెప్పు."

"ఎందుకు?"

"వజీఫా పేర్లు గూడ తగ్గియ్యాలెనట. ఆ ముసల్దానికి ముందూ ఎనకా ఎవ్వరు లేరు, అడగనీకి రారు. పేర్లు తగ్గకుంటె నా నౌకరీకే ఎసరొస్తది. నువ్వు చేసేదేముంది, ఒక్క మాట. నీ మాట మీదనే నడుస్తది."

"మొగడు చెప్పినంక ఎందుకని అడుగుతరా ఎవరన్న?" అంది మా అత్త.

కాపురానికి వచ్చాక నా మాట మీద ఒక పని నడవడం అదే మొదలు. ఏ కూర వండాలో కూడా నన్ను అడిగి చెప్పినవాళ్ళు లేరు. ఇప్పుడు నా మాట కావలసివచ్చింది, అదీ అబద్ధం కోసం. గిన్నెలు తీసి కడిగాను.

మర్నాడు ఖాజాబీ పరదా లోపలికి వచ్చి, నేను అడగకముందే ముసుగు తీసింది. బయట వరండా చివర తహసీల్దారు కుర్చీలో ఉన్నాడు, నా మాట ఆయన దాకా మా ఆయనే చేరవేయాలి. మా ఆయన చదివాడు, గదవ కింద పుట్టుమచ్చ అని. చూశాను. గడ్డం కిందంతా ముడతలు. మచ్చ కనిపించలేదు. ఆయన అడిగిన మాట అబద్ధం కూడా కాదేమో అనిపించి, ఒక్క క్షణం ప్రాణం తేలికపడింది. ఖాజాబీ నా ముఖమే చూస్తోంది.

"కండ్లకు కానొస్తలేదా అమ్మా? నా మొగడు ఉన్నప్పుడు మంచిగ కానొచ్చేది" అంది.

బొటనవేలితో ఆమె గదవ కింద చర్మం మెల్లగా సాగదీశాను. రెండు ముడతల నడుమ ఆవగింజంత నల్లగా కనిపించింది. నా వేలి కింద ఆమె గొంతు కొట్టుకుంటోంది.

"ఉంది" అన్నాను.

"మంచిగ చూసి చెప్పు" అన్నాడు మా ఆయన బయటినుంచి.

"ఉంది."

ఆ తర్వాత ఆయన గొంతు తహసీల్దారు వైపు తిరిగింది. "నిషానీ నహీ హై, సర్కార్."

ఖాజాబీ కళ్ళు మూసుకుంది. ఆమెకు నహీ అంటే తెలుసు. నాకూ తెలుసు. లేచాను. ఎప్పుడు లేచానో తెలియదు, చేతికి పరదా గుడ్డ తగిలాక తెలిసింది. పక్కకు లాగి వరండాలోకి వచ్చాను. అంతమంది మగవాళ్ళ ముందు నేను ఎన్నడూ నిలబడలేదు. తలమీద కొంగు జారింది, సర్దుకోలేదు.

"నేను ఉంది అన్న సాబ్. రెండుమాట్ల చెప్పిన. లేదన్నది నా మాట గాదు."

మా ఆయన నేల చూశాడు. తహసీల్దారు కలం చేతిలో పట్టుకుని నన్ను ఎగాదిగా చూశాడు.

"ఉందని ఎవరి మాట మీద రాయాలె?"

"నా మాట మీద."

"నువ్వెవరు?"

"ఈ కచేరిల పని చేస్త సాబ్" అన్నాను. గుమాస్తా భార్యనని చెప్పాలని నాకు తోచలేదు.