పన్నెండో రూము భోజనం

కరోనా మొదటి ఏడు, కడపలో మా లాడ్జీని క్వారంటైనుకు తీసుకున్నారు. ఓనరు హైదరాబాదులో కూర్చోని ఫోన్లో ధైర్యం చెప్పేవాడు. ఏడో తరగతితో బడి మానేసిన నేను మేనేజరు. పద్దెనిమిది మంది పనోళ్ళలో మిగిలింది ముగ్గురు. వంట దాసన్న, ఊడ్చే గిడ్డయ్య, రూములకు అన్నం మోసే విశ్వాసమ్మ. పైన ముప్పై మంది. ఈ ముగ్గురూ పోతే వాళ్ళకు మెతుకు లేదు.

పద్ధతి ఒకటే. తలుపు ముందర స్టూలు మీద ప్లేటు పెట్టి, కర్రతో రెండు దెబ్బలు కొట్టి, దిగొచ్చేయాల. ఎవరి మొగం ఎవరూ చూడరు.

పన్నెండో రూములో రాజంపేట టీచరమ్మ. ఒక మధ్యాహ్నం ఊపిరాడకపోతే అంబులెన్సులో పంపినా. ముగ్గురూ వెనక వంటింట్లో ఉండారు, చూడలే. మర్నాడు ఆమె పోయిందని ఆస్పత్రి నుంచి ఫోను. చెప్తే సాయంత్రానికి ఒక్కరూ ఉండరు. చెప్పలే. రూము తలుపులోనే ఉండే తాళం తిప్పి, తాళంచెవి జేబులో వేసుకున్నా.

విశ్వాసమ్మ రోజూ ఆ స్టూలు మీద అన్నం పెట్టేది. వాళ్ళు కునుకు తీసేటప్పుడు నేను పోయి తినొచ్చేవాన్ని. పారేస్తే బయటపడతాదని. ఎనిమిది దినాలు చచ్చినామె కూడు తిన్నా.

తొమ్మిదో దినం కలెక్టరాఫీసులో మీటింగు. సాయంత్రం వచ్చి పైకి పరిగెత్తినా. ప్లేటు ఖాళీ. కరివేపాకు మాత్రం ఏరి ఒక పక్కన పెట్టిండారు.

కింద వంటింట్లోకొచ్చి, "ఏం గిడ్డయ్యా, పన్నెండో రూము అన్నం రుచిగా ఉన్నిందా?" అన్నా.

"ఆ కూడు నేను తింటానా అన్నా? నా పెండ్లాం గడప తొక్కనీదు."

విశ్వాసమ్మ నవ్వింది. "టీచరమ్మే తినింది. తలుపు కొడితే లోపల్నుంచి మాట్లాడింది. 'ఇన్నాళ్ళూ నా అన్నం తినే ఆయప్ప ఈపొద్దు రాలేదే' అనింది. ఎవరన్నా ఆయప్ప?"

జేబు తడుముకున్నా, తాళంచెవి ఉండాది. "ఆమె చచ్చిపోయి ఎనిమిది దినాలాయె. మీరు పోతారని నేనే దాచినా. ఇంక ఈడ ఉండొద్దు. ఇండ్లకు పోండి."

దాసన్న గరిటె దించకుండా నా వైపు చూసినాడు. "ఏమప్పా ఓబుళేశూ, మీటింగులో ఏమన్నా తాగించినారా? మేం పోతే పైనోళ్ళకు ఎవరు వండల్ల?"

ఒట్టేసినా. బతిమాలినా. ఒక్కరూ కదల్లే.

ఉన్నట్టుండి ముగ్గురూ ఒకేసారి తలెత్తి మెట్ల వైపు చూసినారు.

"వస్తాండామ్మా" అని విశ్వాసమ్మ నీళ్ళ చెంబు ఎత్తుకుంది.

నాకేమీ వినపడలే.