లీటరుకి అర కిలోమీటరు తక్కువ

పొద్దున్నే మొహం కడుక్కోగానే కొందరు పేపరు చూస్తారు, కొందరు అద్దం చూసుకుంటారు. ఇతను మాత్రం పెట్రోలు బంకుల ముందు వేలాడే రేట్ల బోర్డులు చూస్తాడు. కొండ మీద ఊరికీ కింద ఊరికీ మధ్య షేర్ టాక్సీ తోలే మనిషి. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటుంది గానీ దాన్ని వాడేవాళ్ళు లేరు. ఊరంతా లీటరు అనే పిలుస్తారు. కోపం వస్తే భార్య కూడా లీటరుగారూ అంటుంది.

ఏ బంకులో ఎంతో అతనికి నోటికొచ్చు. ఎందుకంతో కూడా నోటికొచ్చు. కారెక్కినవాళ్ళకి ఆ పాఠం తప్పేది కాదు. కింద ఊళ్ళో పెట్రోలు డిపో పక్కనే మూడు బంకులు ఎదురెదురుగా ఉన్నాయి, ఒకడి బోర్డు మీద ఇంకొకడు కన్నేసి కూర్చుంటాడు, అందుకే అక్కడ చవక. పెద్ద రోడ్డు మీద బంకువాడికి ఆ బెంగ లేదు. ఎక్కడి నుంచో వచ్చేవాడు గతిలేక ఆగుతాడు కాబట్టి వాడు పెట్టిందే రేటు. ఇక కొండ మీద ఉన్నది ఒక్కటే బంకు. ట్యాంకరు ముప్పైనాలుగు మలుపులు తిరిగి ఎక్కాలి, ఎక్కేలోపు అది తాగేదే బోలెడు, తీరా పైన కొనేవాళ్ళు చూస్తే గుప్పెడు మంది. అందుకని లీటరు మీద నాలుగు ఎక్కువ. "దోపిడీ కాదండీ, దారి ఖర్చు," అనేవాడు. అనడం వరకే. ఆ బంకులో తను మాత్రం ఏళ్ళ తరబడి ఒక్క లీటరు కొట్టించుకున్న పాపాన పోలేదు.

ఆ బంకు ఎవరిదో కాదు, అతని సొంత అక్కది. ఊరందరికీ ఆవిడ బంకక్క. తమ్ముడు తన దగ్గర కొట్టించుకోడని ఆవిడ ఏనాడూ నొచ్చుకోలేదు. కారు అటుగా పోతుంటే చెయ్యి ఊపేది, "జాగ్రత్తరోయ్, బ్రేకు వేస్తే పెట్రోలు అయిపోతుంది," అని వెక్కిరించేది. అతనూ హారన్ కొట్టి పోయేవాడు.

పొదుపులో అతన్ని మించినవాడు లేడు. వారానికోసారి టైర్లలో గాలి చూస్తాడు. కాలు యాక్సిలరేటరు మీద పిల్లి నడిచినట్టు పెడతాడు. కింద రెండు పనులుంటే రెండుసార్లు దిగడు, ఒకే ట్రిప్పులో చక్కబెట్టుకొస్తాడు. డిక్కీలో భార్య గొడుగు కనిపించినా, బరువు, తీసెయ్ అంటాడు. ఇంతవరకూ బాగానే ఉంది. కింద చవగ్గా ఉన్న రోజున రెండు ప్లాస్టిక్ డబ్బాలు నింపుకొచ్చి ఇంటి వెనక రేకుల షెడ్డులో దాచేవాడు చూడండి, అదీ అసలు తంటా. అక్క ఒకసారి ఆ డబ్బాలు చూసి, ఏదో ఒకరోజు కొంప తగలబెడతావురా అని చెడామడా తిట్టింది. సరేనన్నాడు. మర్నాడు వాటి మీద గోనెపట్టా కప్పాడు.

వానల్లో ఒక డబ్బాకి మూత పోయింది. కొత్త మూత కొనడం ఎందుకు దండగ అని ప్లాస్టిక్ కాగితం చుట్టి రబ్బరుబ్యాండు వేశాడు. రేకుకి చిల్లుందని అతనికి తెలుసు. సరిగ్గా ఆ డబ్బా దాని కిందే ఉందని తట్టలేదు. పొద్దున్నే ఆ డబ్బా బండిలో పోసుకుని, కింద ఊరి నుంచి ముగ్గురిని ఎక్కించుకుని వస్తుంటే పదకొండో మలుపు దగ్గర కారు రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

కారులో ఉన్నది టైలరమ్మ, స్కూలు టీచరు, ఆసుపత్రి కాంపౌండరు. గంటన్నర వానలో ఇరుక్కుపోయారు. మెకానిక్ వచ్చి, పైపు విప్పి, గ్లాసులో పట్టి చూపించాడు. అడుగున నీళ్ళు, పైన పెట్రోలు. ముగ్గురూ లీటరు వైపు తిరిగారు. రోజూ పాఠాలు చెప్పే మనిషి, మూత కొనడానికి చెయ్యి రాక ముగ్గురినీ వానపాలు చేశానని ఏ మొహం పెట్టుకుని చెప్పాలి? తల కొట్టేసినట్టయింది.

"ఎక్కడ కొట్టించావయ్యా ఇది?" అన్నాడు కాంపౌండరు.

"పైన," అన్నాడు. అక్కడితో ఆపినా పోయేది. "అక్క బంకులో. ఈమధ్య నీళ్ళు కలుస్తున్నాయి."

అంతే. మూడు ముక్కలు. వెనక్కి తీసుకుందామనుకునేలోపే టీచరు అయ్యయ్యో అంది, టైలరమ్మ ముక్కున వేలేసుకుంది. ఎవడో గిట్టనివాడు అనుంటే ఊరు నమ్మేది కాదు. సొంత తమ్ముడే చెప్పాడంటే నిజమే అయ్యుంటుంది అనుకున్నారు. వారం తిరిగేసరికి ఊళ్ళో స్కూటర్లన్నీ కిందికి దిగి కొట్టించుకోవడం మొదలుపెట్టాయి.

బంకక్క తమ్ముణ్ణి ఏమీ అడగలేదు. కారు కనిపిస్తే ఎప్పటిలాగే చెయ్యి ఊపింది. వెక్కిరింపు మాత్రం మానేసింది. అతను అటు చూడలేక, ఆ ఒక్కచోట యాక్సిలరేటరు గట్టిగా తొక్కి దాటిపోయేవాడు. జీవితంలో అతను పెట్రోలు దుబారా చేసింది అక్కడే.

ఇదిలా ఉండగా మైలేజీ పడిపోవడం మొదలైంది. లీటరుకి పద్దెనిమిది కిలోమీటర్లు ఇచ్చే కారు పదహారుకి దిగింది. గాలి నింపించాడు, ఫిల్టరు మార్చాడు, స్టెప్నీ కూడా తీసి ఇంట్లో పెట్టాడు. పద్నాలుగైంది. పక్క సీటు మీద కవరు బరువని దాన్నీ పీకేశాడు. పన్నెండైంది. కారు వెనక భాగం నేలకి ఆనేట్టు కుంగింది. మెకానిక్ అంతా విప్పి, చేతులు తుడుచుకుంటూ, బండిలో ఏ లోపమూ లేదు, కాటా ఎక్కించి చూడన్నా అన్నాడు. అక్కర్లేదులే అని లీటరు తల దించుకుని వచ్చేశాడు.

అక్కర్లేదని ఎందుకన్నాడంటే, అందరికీ తెలిసిన సంగతి అతనికీ తెలుసు. ఘాట్ రోడ్డు మొదట్లో లారీల్ని తూచే కాటా ఒకటుంది. అక్కడిచ్చే చీటీలో మూడు వరసలుంటాయి: బండి, సరుకు, మాట. బండిలో అన్న మాట బండిలోనే ఉండిపోతుంది కదా, దాని బరువు దానిది. పోయిన ఏడాది ఒక సిమెంటు లారీ తొంభై కిలోలు ఎక్కువ తూగింది. బయల్దేరేటప్పుడు లారీలోంచే అమ్మని విసుక్కున్నానండీ అని డ్రైవరు ఒప్పుకుని, వెనక్కెళ్ళి, ఆవిడ్ని లారీలో కూర్చోబెట్టి బతిమాలుకుని, సాయంత్రానికి సరైన తూకంతో వచ్చాడు. అలాంటివి ఆ రోడ్డు మీద రోజూ జరిగేవే.

చివరికి ఒక మిట్టమధ్యాహ్నం, లారీలేవీ లేని సమయం చూసి, లీటరు కాటా ఎక్కించాడు. గుమాస్తా చీటీ చింపి ఇచ్చాడు. మాట: మూడు వందల పన్నెండు కిలోలు.

"ఊళ్ళో బాగా తిరిగినట్టుంది," అన్నాడు గుమాస్తా, తలెత్తకుండానే. తిరిగినకొద్దీ బరువెక్కుతుందనీ, దించాలంటే అన్నవాడే, విన్నవాళ్ళ ముందు, అదే బండిలో దించుకోవాలనీ చెప్పాడు. లీటరుకి భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. చీటీ నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో దాచుకున్నాడు. ఆ తర్వాత కూడా టైలరమ్మ ఎక్కింది, టీచరు ఎక్కింది, కాంపౌండరూ ఎక్కాడు. ముగ్గురూ కలిసి ఎక్కినప్పుడు చెబుదాంలే అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు. ముగ్గురూ కలిసి ఎక్కిన రోజున ఆవలిస్తూ వాతావరణం గురించి మాట్లాడాడు. రోజూ రాత్రి చొక్కా విప్పేటప్పుడు చీటీ గరగరలాడేది.

ఇంతలో భార్య ఓ మాట చెవినేసింది. పెట్రోలు కంపెనీవాళ్ళ లెక్క ప్రకారం నెలకి ఒక ట్యాంకరైనా అమ్ముడుపోకపోతే పంపు పీకేస్తారట. రెండు నెలలుగా ట్యాంకరు రాలేదట. ఈ నెలాఖరుతో అక్క బంకు మూసేసి, కింద ఊళ్ళో ఆ మూడు బంకుల్లో ఏదో ఒకదాంట్లో పైపు పట్టుకునే పనికి కుదురుతుందట. ఇరవై ఏళ్ళు సొంత బంకు నడిపిన మనిషి.

"నీళ్ళెలా కలిశాయో మీ అక్కకే తెలియాలి," అంది భార్య. ఆవిడకీ అతను నిజం చెప్పలేదు. సగం కంచంలోనే చెయ్యి కడుక్కుని లేచి వెళ్ళిపోయాడు.

నెలాఖరు రోజు పొద్దున కింద ఊరి స్టాండులో ముగ్గురూ ఒకేసారి ఎక్కారు, ఆ రోజు కూర్చున్న సీట్లలోనే కూర్చున్నారు. కారు మూలుగుతూ ఎక్కింది. పదకొండో మలుపు దగ్గరికొచ్చేసరికి ఇంజను నడుస్తోంది, చక్రం కదలదు. దిగి తోస్తాంలే అని కాంపౌండరు తలుపు తియ్యబోయాడు. రేడియేటరు వేడెక్కిందండీ అనే మాట లీటరు నాలుక చివరి దాకా వచ్చింది. ఆ మాట అక్కడ ఎంత హాయిగా కూర్చుందో చూసుకుని అతనికే అసహ్యం వేసింది.

"దిగకండి," అన్నాడు. అద్దంలోకి చూడలేక స్టీరింగు వైపు చూస్తూ చెప్పాడు. "ఆ రోజు నీళ్ళు అక్క బంకువి కావు. నా డబ్బావి. మూత కొనలేదు. మీ ముందు పరువు పోతుందని అక్క పేరు చెప్పాను."

వాళ్ళు తిట్టినా బాగుండేదనిపించింది అతనికి. టీచరు మెల్లగా, నేను స్కూల్లో అందరికీ చెప్పానే అంది. టైలరమ్మ కొంగుతో మొహం ఒత్తుకుని, మూడు నెలలుగా ఆవిడ పలకరిస్తుందేమోనని రోడ్డుకి అవతలి పక్కనుంచి పోతున్నాను అంది. కాంపౌండరు అన్నిటికన్నా పెద్ద మాట అన్నాడు. "అసలు నువ్వు పైన కొట్టించుకోవని ఊళ్ళో తెలియనిదెవరికి? మాకైనా బుద్ధుండక్కర్లా?"

నలుగురూ సిగ్గుతో ఎదుటివాళ్ళ మొహం చూడకుండా కూర్చున్నారు. వాళ్ళ కింద కారు మంచంలోంచి మనిషి లేచినట్టు కాస్త కాస్తగా పైకి లేచింది. లీటరు గేరు వేశాడు. బండి ఎక్కింది.

పైకి వెళ్ళేసరికి బంకక్క స్టూలెక్కి బోర్డు మీది రేకు అంకెలు కొక్కేల నుంచి తీస్తోంది. రెండు తీసి చంకలో పెట్టుకుంది. టైలరమ్మ వాళ్ళు దిగి, ఆవిడ మొహం చూడలేక, ఎదర టీ కొట్టు దగ్గర ఆగిపోయారు. లీటరు స్టూలు దగ్గరికెళ్ళి నిలబడ్డాడు.

"అక్కా, నీళ్ళ సంగతి నేనే..."

"తెలుసురా."

"ఎప్పట్నుంచి?"

"విన్న రోజు నుంచే. నా దగ్గర నువ్వు పెట్రోలు కొట్టించుకుని తొమ్మిదేళ్ళయింది. నా పెట్రోల్లో నీళ్ళున్నాయో లేదో నీకెలా తెలుస్తుంది?"

మరి ఊళ్ళో ఎందుకు చెప్పలేదో అడక్కపోయినా ఆవిడే చెప్పింది, అంకెలు చంకలో సర్దుకుంటూ.

"నా తమ్ముడు అబద్ధాలకోరని నేనే చెబితే నీ బండి ఎవరెక్కుతారు? నాకంటే కిందైనా పని దొరికింది. నీకా బండి తప్ప ఏముంది?"

నడిరోడ్డు మీద అంత మనిషి ఏడ్చాడు. ఆవిడ స్టూలు దిగలేదు, అతని తల మీద చెయ్యీ వెయ్యలేదు. ఏడ్వడం అయ్యేదాకా ఉండి, అప్పుడు దిగి టాంకు మూత తియ్యమంది. ఫుల్లు కొట్టింది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి అతను రేటు అడగలేదు. ఈలోగా టీ కొట్టు దగ్గర్నుంచి టైలరమ్మ కదిలి వచ్చి, చంకలోని అంకెలు అడిగి తీసుకుని, మళ్ళీ కొక్కేలకి తగిలించింది. కాంపౌండరు ఆసుపత్రి జీపు తెచ్చి నిలబెట్టాడు. టీచరు స్కూలుకెళ్ళి చేయాల్సిన పని చేసింది కాబోలు, మధ్యాహ్నానికి స్కూటర్లు వరస కట్టాయి. అందరూ తలలు దించుకునే కొట్టించుకుపోయారు. సాయంత్రానికి బంకు టాంకు అడుగంటింది. ఆవిడ కంపెనీకి ఫోన్ చేసి ట్యాంకరు పంపమంది. రేటు మాత్రం నాలుగు ఎక్కువే, ముప్పైనాలుగు మలుపులూ ఎక్కడికీ పోలేదు.

వారం తర్వాత లీటరు కారుని మళ్ళీ కాటా ఎక్కించాడు, సున్నా చూద్దామని. మాట: ఎనిమిది కిలోలు. ఇదేంటి, అందరికీ చెప్పానుగా అన్నాడు. గుమాస్తా ఈసారి తలెత్తి చూశాడు. "ఊళ్ళో తిరిగింది దిగిపోయింది. ఇది మాట పడ్డవాళ్ళది. దానికి మేం చెప్పగలిగిందేం లేదు."

ఇప్పుడతను కారెక్కినవాళ్ళకి పాఠాలు చెప్పడం లేదు. ఎవరైనా అడిగితే మాత్రం, గాలి చూసుకోండి, కాలు మెల్లగా వెయ్యండి, బరువు పెట్టుకోకండి అని ఊరుకుంటాడు. పెట్రోలు అక్క దగ్గరే కొట్టించుకుంటాడు. ఒకరోజు ఆవిడ పైపు పట్టుకుని, మాటవరసకి అడిగినట్టు, మైలేజీ ఎంతొస్తోందిరా అంది.

పద్దెనిమిది అనబోయాడు. పాత అలవాటు. నాలుక కరుచుకుని, "పదిహేడున్నర," అన్నాడు.

ఆవిడ పంపు మీద తిరిగే అంకెల్నే చూస్తోంది.

"ఆ అర నా దగ్గరుందిలే," అంది. "కొన్నాళ్ళు ఉండనీ."