సోములు దరువు

అమ్మవారి జాతరలో డప్పు కొట్టే సోములు పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో బాప్తిస్మం తీసుకుని, శృంగవరపుకోట దగ్గర సొంతూళ్లోనే సువార్త మొదలెట్టాడు. ఎంత గొంతు చించుకున్నా అతని ప్రార్థన పాకలోకి నరమానవుడు తొంగిచూడలేదు. పట్నం పాస్టరుగారికైతే హార్మోనియం ఉంది. ఇతనికి ఆ పాత డప్పే దిక్కు. ఒక ఆదివారం ఒళ్లు మండి, తనకొచ్చిన ఒకే ఒక్క జాతర దరువు మీద యేసు పాట ఎత్తుకున్నాడు.

ఊరంతా పరుగెత్తుకొచ్చింది. సోములు కళ్లు మూసుకుని ప్రభువుకు స్తోత్రం చెప్పాడు. తెరిచేసరికి, ఏటేటా జాతరలో అమ్మవారు పూనే భాగ్యవతి జుట్టు విరబోసుకుని ఎదురుగా ఊగిపోతోంది.

"ఏట్రా సోములూ! నన్నొగ్గేసినావనుకున్నాను. నాకు కొత్త గుడి కట్టినావని సెప్పలేదేటి?"