నిండు పియాలా

పెళ్ళయిన మూడో రోజు పొద్దున జుల్ఖుమార్ అత్తగారికి పియాలా నిండా టీ పోసింది.

సంతోషం పట్టలేక పోసింది. తెల్లవారకముందే లేచి వాకిలి చిమ్మింది, నీళ్ళు చల్లింది, ద్రాక్షపందిరి కింద పెద్దమంచం మీద బొంత పరిచింది. తడిసిన మట్టి వాసన, తందూరు రొట్టె వాసన కలిసి వస్తుంటే ఎవరినైనా పట్టుకుని గిరగిరా తిప్పాలనిపించింది. సరిగ్గా అప్పుడే ఇల్హామ్ తడి జుట్టుతో గుమ్మంలోకి వచ్చి కన్ను గీటాడు. ఆమె అతన్నే చూస్తూ ఉండిపోయింది. టీ అంచుదాకా వచ్చేసింది.

సబాహత్ పియాలా వైపు చూసింది, తర్వాత కోడలి వైపు చూసింది.

"ఏమ్మా, మూడో రోజుకే నన్ను సాగనంపుతున్నావా?"

ఇల్హామ్ పకపకా నవ్వాడు. వాళ్ళ ఊరు మర్గిలాన్‌లో పాలపళ్ళు ఊడని పిల్లలకు కూడా తెలుసు, గౌరవం ఉన్న మనిషికి మూడో వంతే పోస్తారు, మళ్ళీ మళ్ళీ పోసే వంకతో ఇంకాసేపు కూర్చోబెట్టుకుంటారు. నిండా పోశారంటే తాగి దయచేయమని. జుల్ఖుమార్‌కూ తెలుసు. చిన్నప్పుడు తనే ఒక వాగుడుకాయ మేనత్తకు అలా పోసి దెబ్బలు తింది.

"తప్పయిపోయింది ఆయీ," అంది, చెవుల దాకా ఎర్రబడి.

"తాష్కెంట్‌లో నాలుగేళ్ళు ఏవేవో నేర్పారట. టీ పొయ్యడం నేర్పలేదు కాబోలు." సబాహత్ టీని ద్రాక్షపాదులో ఒంపేసి ఖాళీ పియాలా చేతికిచ్చింది. ఇచ్చాక మాత్రం నవ్వింది. ఆ నవ్వు చూసి జుల్ఖుమార్‌కు ప్రాణం లేచొచ్చింది. మంచావిడే అనుకుంది. అప్పుడు ఆమెకు లోకంలో అందరూ మంచివాళ్ళే.

ఇంటి వెనక షెడ్డులో వాళ్ళ లెమనేడ్ కార్ఖానా. పెద్దగా ఏం కాదు, ఒక గ్యాసు యంత్రం, మూతలు బిగించే యంత్రం, సీసాలు కడిగే తొట్టి, పక్కన తాళం వేసిన కలిపే గది. పియర్ పండు వాసన వేసే పసుపుపచ్చ లెమనేడ్. పెళ్ళిళ్ళకు ఈ ఇంటి సీసాలే కావాలని అటు ఫర్గానా నుంచి కూడా వచ్చేవారు. కారణం గేటు మీద మామగారు బతికుండగా రాయించిన అక్షరాలు: పొడి కలపని ఇల్లు. బజారులో సగం మంది చక్కెర బదులు చిటికెడు తీపిపొడి వేసి అమ్ముతారు. ఈ ఇంట్లో మాత్రం చక్కెరే. కలిపే గది తాళంచెవి సబాహత్ నడుముకు వేలాడేది.

అయితే సబాహత్ తన ఇంటి లెమనేడ్ తాగి ఆరేళ్ళయింది. షుగరు జబ్బు. పోయిన చలికాలం ఎడమ కాలి వేళ్ళు రెండు తీసేశారు. రోజూ సాయంత్రం మూతల యంత్రం టక్ టక్ మంటుంటే ఆవిడ పెద్దమంచం మీద కూర్చుని చక్కెర లేని టీ తాగుతూ షెడ్డు వైపు చూసేది. ఆ చూపు కోడలి కంటపడింది.

జుల్ఖుమార్ చదివింది ఆహార సాంకేతికం. పెళ్ళిచూపుల్లో ఇల్హామ్ మొదట అడిగిన మాట, "మీరు మా కలిపే గదిలో పనిచేస్తారా?" ఆమె ఒప్పుకున్నదే ఆ మాట మీద. ఇంకెవరు అడిగినా "పలావ్ వండడం వచ్చా" అన్నవాళ్ళే.

"ఆయీకి చక్కెర లేకుండా లెమనేడ్ చేస్తాను," అంది ఒకరోజు భర్తతో.

"పొడితోనా? చంపేస్తుంది."

"బజారు పొడి కాదు, తీపి ఆకు సారం. మా క్లాసు అమ్మాయి ఫర్గానాలో ఆ పనే చేస్తోంది. మీరు సీసాలు దించడానికి వెళ్ళినప్పుడు తెచ్చిపెట్టండి, ఇల్హామ్ అకా. మా అకా కదూ. మా బంగారు అకా కదూ."

బంగారు అకా తెచ్చిపెట్టాడు.

తీపి ఆకుకు చివర్లో నాలుక మీద ఒక చేదు తోక ఉంటుంది. ఆ తోక కత్తిరించడానికి ఆమెకు మూడు వారాలు పట్టింది. నిమ్మతొక్క వేసింది, రవ్వంత ఉప్పు వేసింది. వంటింట్లో ఇల్హామ్ కళ్ళకు గుడ్డ కట్టి చెంచాలతో తాగిస్తే అతను ప్రతిసారీ "ఇది చక్కెర, ఒట్టు" అని తప్పు చెప్పేవాడు. ఇద్దరూ నోళ్ళు మూసుకుని నవ్వేవారు. చివరికి పెళ్ళయిన ముప్ఫై ఏడో రోజున అత్తగారి ముందు ఒక పియాలా పెట్టింది.

సబాహత్ గుక్క వేసి ఆగిపోయింది. ఇంకో గుక్క వేసింది. పియాలా ఖాళీ చేసి సీసా అందుకుంది.

"ఇందులో చక్కెర లేదా? నా మీద ఒట్టేసి చెప్పు."

"ఒక్క పలుకు కూడా లేదు ఆయీ. మీరు రోజూ తాగొచ్చు."

సబాహత్ కళ్ళొత్తుకుంది. కోడలి తల దగ్గరకు లాక్కుని నుదుట ముద్దు పెట్టుకుంది. "నలభయ్యో రోజు ఆడవాళ్ళ కూడిక మనింట్లోనే పెడుతున్నా. చక్కెరదీ ఇదీ రెండూ వాళ్ళచేత తాగిస్తా. ఇది బాగుందంటే, నా కోడలు చక్కెర లేకుండా చేసిందని నా నోటితో నేనే చెప్తా. ఆ పూటే ఈ తాళంచెవి నీది. పొయ్యి దగ్గరికి ఇంకో మనిషిని పెట్టుకుందాం."

ఆ మూడు రోజులూ జుల్ఖుమార్ నడవలేదు, ఎగిరింది. పన్నెండు సీసాలు నింపింది. రెండు తీసి తమ గదిలో పరుపుల వెనక దాచింది. నలభై రోజులు నిండిన రాత్రి ఇద్దరూ తాగాలని.

కూడికకు ఎనిమిది మంది వచ్చారు. జుల్ఖుమార్ అట్లాస్ పట్టు వేసుకుని, మేలిముసుగు కింద ఒక్కొక్కరికీ నడుము వంచి సలాం చేసింది. అడిగితే తప్ప కొత్త కోడలు మాట్లాడకూడదు. కూజాలు రెండు తెచ్చి పెట్టింది. ఎర్రదారం కట్టింది చక్కెరది, నీలిదారం కట్టింది తనది.

"ఏది బాగుందో చెప్పండర్రా," అంది సబాహత్. "తర్వాత నేనొక మాట చెప్తా."

"నీలిదారమే! ఇదిగో, ఇదీ మీ ఆయన చేతి రుచి, దేవుడు ఆయన్ని చల్లగా చూడాలి."

"ఎర్రది కాస్త వెగటు. అది బజారుదేనా సబాహత్? మమ్మల్ని పరీక్షిస్తున్నావా?"

ఏడుగురు నీలిదారమే అన్నారు. ముసుగు కింద జుల్ఖుమార్ పెదవి కొరుక్కుంది, నవ్వు బయటకు రాకుండా. సబాహత్ చెయ్యి అప్పటికే నడుము దగ్గరి తాళంచెవి మీద ఉంది.

ఎనిమిదో ఆవిడ తుర్సునాయ్ బువీ. పాత సర్కారు రోజుల్లో లెమనేడ్ కార్ఖానాలో ముప్ఫై ఏళ్ళు తనిఖీ పని చేసిన ముసలావిడ. పళ్ళు లేవు, నాలుక మీద నమ్మకం లేదు.

"నేను తాగనమ్మా. రెండు సాసర్లియ్యి."

సాసర్లలో రెండూ పోసుకుని మంచం చివర పెట్టుకుంది. "ఆగస్టు నెలాఖరు. పైన ద్రాక్ష. మా తనిఖీవాళ్ళు జీతం లేకుండా వస్తారు."

మిగతావాళ్ళు ఎవరి కోడలో విడాకులు తీసుకున్న సంగతిలో పడ్డారు. పందిరిలోంచి ఒక కందిరీగ దిగింది. నీలిదారం సాసరు చుట్టూ తిరిగి, అంచు మీద వాలి, ఎగిరి ఎర్రదారం దానిలో వాలింది. తర్వాత ఇంకోటి. తర్వాత నాలుగు. కాసేపటికి ఎర్రదారం సాసరు అంచు నల్లగా కదులుతోంది. నీలిదారం సాసరు ఖాళీగా మెరుస్తోంది.

"కందిరీగకి మొహమాటం ఉండదు," అంది తుర్సునాయ్ బువీ. "నీలిదారంలో చక్కెర లేదు. పొడి."

అందరికంటే ఎక్కువ పొగిడిన ఆవిడే ముందు చేతిరుమాలులోకి ఉమ్మింది.

"అందుకే గొంతులో ఏదో గరగర!"

"పొడి కలపని ఇల్లట! గేటు మీది అక్షరాలకి సున్నం కొట్టించు సబాహత్, ఖర్చు నేనిస్తా!"

"నా మనవరాలి పెళ్ళిలో మూడొందల సీసాలు తీసుకున్నాం. అవీ ఇవేనా?"

జుల్ఖుమార్ అత్తగారి వైపు చూసింది. ఇప్పుడు చెప్తుంది అనుకుంది. అది పొడి కాదర్రా, ఆకు, నాకోసం చేసింది, నేనే తాగిస్తానన్నా అని. ఒక్క మాట చాలు.

సబాహత్ చెయ్యి తాళంచెవి మీంచి జారింది.

"ఏమే," అంది కోడలితో, అందరికీ వినపడేలా. "నా ఇంట్లోకి పొడి తెచ్చావా? నా కళ్ళు కప్పి?"

"ఆయీ, మీరే కదా—"

"నోరుముయ్యి! నేను చుక్క నోట్లో వేసుకుంటే ఒట్టు. చదువుకున్న పిల్ల అని తెచ్చుకున్నానమ్మా, చూడండి నా రాత."

పలావ్ పళ్ళెం మోసుకొచ్చిన ఇల్హామ్ గుమ్మం దగ్గర ఆగిపోయాడు. తల్లి అటు తిరిగింది. "నీ పెళ్ళాం మీ నాన్న పేరు పొడిలో కలిపింది. నీకు తెలుసా?"

జుల్ఖుమార్ మేలిముసుగు పైకెత్తి అతన్ని చూసింది. కొత్త కోడలు చేయకూడని పని అది. అతను పళ్ళెంలో క్యారెట్ ముక్కల్ని చూశాడు.

"నాకు తెలీదు ఆయీ. నాకేం చెప్పలేదు."

మిగిలిన సీసాలన్నీ వీధి కాలవలో ఒంపించారు. ఎనిమిది మందీ గేటు దగ్గర వరసగా నిలబడి చూశారు. ఎవరో లెక్కపెట్టారు కూడా, పాట పాడినట్టు. ఒక్కో సీసా వంచినప్పుడల్లా జుల్ఖుమార్ నడుము వంచింది. దూరం నుంచి చూసేవాళ్ళకు సలాం చేస్తున్నట్టే ఉంది. తుర్సునాయ్ బువీ ఒక్కతే పెదవి విరిచింది. "పొడి అన్నా గానీ, పాపం, మంచి చెయ్యే," అంది. ఎవరూ వినిపించుకోలేదు.

ఆ రాత్రి ఇల్హామ్ ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. "రెండు రోజులైతే మర్చిపోతారే. ఆయీ ఎదురుగా ఏం చెప్పమంటావు?" ఆమె పక్కకు తిరిగింది. పరుపుల వెనక రెండు సీసాలూ అలాగే ఉన్నాయి.

కూడికయిన నాలుగో రోజు మధ్యాహ్నం ఇంట్లో ఇంకెవరూ లేరు. షెడ్డులో పనివాళ్ళు నడిపే మూతల యంత్రం టక్ టక్ మంటోంది. సబాహత్ కర్ర పొడుచుకుంటూ వచ్చి పెద్దమంచం మీద కూర్చుంది. కట్టు కట్టిన కాలు ఎత్తి దిండు మీద పెట్టుకుంది.

"ఎండ పేల్చేస్తోంది," అంది.

"అవును ఆయీ."

"ఆ రోజుది... ఏమైనా మిగిలిందా?"

జుల్ఖుమార్ ద్రాక్షాకులు ఏరుతోంది. చేతులు ఆగలేదు. "లేదు ఆయీ. మీరు చూస్తుండగానే పారబోశాగా."

"మళ్ళీ చెయ్యగలవా? నాకొక్కదానికి. ఎవరికీ తెలియనక్కర్లేదు." సబాహత్ నడుము నుంచి తాళంచెవి విప్పి బొంత మీద పెట్టింది. "ఆ గదిలో చేసుకో. ఎవరైనా అడిగితే సీసాలు కడుగుతోందని చెప్తాను. ఆరేళ్ళయిందే పిల్లా. ఆ వాసన వస్తుంటే నాలుక పీక్కుపోతోంది. నువ్వియ్యకపోతే ఆ చక్కెరదే తాగేస్తాను, ఏమైతే అదయింది."

తాళంచెవి ఎండలో మెరిసింది. నలభై రోజులు ఆమె దాన్నే చూస్తూ బతికింది. ఆ సారం బుడ్డిలో ఇంకా సగం ఉంది. గదిలో రెండు సీసాలు ఉన్నాయి. పాతిక అడుగుల దూరం.

"పొడి కలపని ఇల్లు కదా ఆయీ," అంది జుల్ఖుమార్ మెత్తగా.

లేచి షెడ్డులోకి వెళ్ళి, నీళ్ళ తొట్టిలోంచి చల్లటి సీసా ఒకటి తీసుకొచ్చింది. చక్కెరది. మూత తీస్తే బుస్సుమంది, పియర్ వాసన మంచమంతా పరుచుకుంది. పియాలా కడిగి, తుడిచి, పోయడం మొదలుపెట్టింది. మూడో వంతు దగ్గర ఆగలేదు. సగం దగ్గర ఆగలేదు. ఈసారి ఎవరూ కన్ను గీటలేదు. అంచుదాకా పోసింది, నురగ పొంగి సాసరులోకి కారేదాకా.

ఎడమ చెయ్యి గుండె మీద ఉంచి, నడుము వంచి, కుడి చేత్తో అందించింది.

సబాహత్ పియాలా వైపు చూసింది, తర్వాత కోడలి వైపు చూసింది. ఈసారి ఏమీ అడగలేదు. పందిరిలోంచి కందిరీగ ఒకటి దిగి అంచు మీద వాలింది. ఆవిడ దాన్ని ఊదేసి, రెండు చేతులతో పట్టుకుని తాగింది.

"ఇంకాస్త పొయ్యనా ఆయీ?" అంది జుల్ఖుమార్.