నది అవతలి కలప

గణాంకాల ఆఫీసులో కలప విభాగం ఆవిడది. నది అవతలి దేశం ఎంత విలువైన గట్టి కలప తమకు అమ్మామంటోందో, తమ దేశం ఎంత కొన్నామంటోందో ఏడాదికేడాది పక్కపక్కన పెట్టి పోల్చడం పని. తూకపు రాళ్లను కూడా నమ్మని మనిషని, వెనకాల ఆవిడను ‘తక్కెడమ్మ’ అనేవారు. ఆ పేరు ఆవిడకు తెలుసు, నచ్చింది కూడా.

మొదట్లో రెండు అంకెలూ కవల పిల్లల్లా కలిసి నడిచేవి. రవాణా ఖర్చుల మేరకే తేడా. తర్వాత విడిపోయాయి. వాళ్లు అమ్మామంటున్నది ఏటేటా తగ్గుతోంది, వీళ్లు కొన్నామంటున్నది పెరుగుతోంది.

అవతలి ఆఫీసులో ఇదే పని చేసే అతనికి ఫోన్ చేసింది. ఏళ్ల తరబడి లెక్కలు సరిచూసుకుంటూ, ముఖాలు చూసుకోకుండానే అక్కాతమ్ముళ్లయిపోయారు వాళ్లు. తప్పు తన వైపే ఉందేమోనని ఆవిడ నసిగింది.

“నీ అంకె తప్పు కాదక్కా. మా చెక్‌పోస్టులో సగం లారీలు రాయకుండానే వదిలేస్తున్నారట. నేనే వెళ్లి చూసొస్తాను.”

“కుర్చీలో కూర్చుని రాసుకునేవాళ్లం. మనకెందుకురా?”

“కూర్చుని కూర్చుని పొట్ట పెరిగింది. కాస్త నడిచినట్టుంటుంది,” అని నవ్వాడు.

ఆ తర్వాత ఫోన్ చేస్తే వేరే గొంతు పలికింది. చెక్‌పోస్టు దగ్గర లారీ మీంచి దుంగ దొర్లి అతను పోయాడని, ప్రమాదమని చెప్పింది.

ఆవిడ వంతెన దాటి వెళ్లింది. తమ్ముడి ముఖం మొదటిసారి గోడ మీది ఫోటోలో చూసింది. అనుకున్నదానికన్నా చిన్నవాడు. ఆవిడ నోరు విప్పగానే, అప్పుడప్పుడూ ఇంటి ఫోన్లో విన్న గొంతని అతని భార్య గుర్తుపట్టింది. వంటింట్లోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

“వదినా, లారీ ఆగే ఉందట. మోకులు కూడా విప్పలేదట. దుంగ ఎలా పడుతుంది?”

పోలీసులను అడిగావా అని ఆవిడ అంటే, అడిగిన మర్నాడే బడికి వెళ్లే దారిలో ఎవరో పాపను ఆపి పేరడిగారని చెప్పింది. ఇంకెక్కడా ఈ మాట ఎత్తొద్దని బతిమాలింది.

తిరిగొచ్చాక డైరెక్టరు పిలిచాడు. పొరుగు దేశంవాళ్లు నొచ్చుకుంటున్నారని, ఒకే సరుకు రెండుసార్లు లెక్కలోకి వచ్చినట్టు చూపించి అంకె తగ్గించమని మెత్తగా చెప్పాడు. ఆవిడ కుదరదంది. అంకె ఉన్నదున్నట్టే అచ్చయింది. పత్రికలు కొన్నాళ్లు గోల చేసి ఊరుకున్నాయి.

మరుసటి ఏడాది నది అవతలి నుంచి కొన్నామన్న అంకె పడిపోయి, తేడా మాయమైంది. రెండు అంకెలూ మళ్లీ చక్కగా అతికాయి. డైరెక్టరు అందరి ముందూ ఆవిడను మెచ్చుకున్నాడు. ఆవిడ మాత్రం మిగతా దేశాల వరసలన్నీ కిందిదాకా చూసుకుంటూ పోయి ఒకచోట ఆగింది. అంతవరకు ఒక్క పలక కూడా అమ్మని చిన్న ద్వీప దేశం నుంచి, నది అవతల తగ్గినంత గట్టి కలప వచ్చినట్టు రాసి ఉంది. ఆ ద్వీపంలో పొదలు తప్ప చెట్లే లేవు.

అక్కడి గణాంకాల ఆఫీసుకు ఫోన్ చేసింది. ఒక అమ్మాయి ఎత్తింది. కొత్తగా చేరానని, తనను కలప గురించి అడిగిన మొదటి మనిషి ఆవిడేనని ఉత్సాహంగా చెప్పింది. ఏం కావాలో చెబితే రేవులో కనుక్కుంటానంది.

“వద్దమ్మా,” అంది ఆవిడ. “వేరే ఆఫీసనుకుని చేశాను.”

ఫోన్ పెట్టేసి, ఆ ఏటి కలప విలువల కింద సంతకం పెట్టింది.